మూడో విజిల్

ఆ ఎండాకాలం మా వంటింట్లో నలుగురం ఉండేవాళ్ళం. నేను, మా అత్తమ్మ కమలాబాయి, నాలుగు నెలల మా పాప సాత్విక లీడ్స్‌లో. నాలుగో మనిషి మా ఆడబిడ్డ బిందుమాధవి మాత్రం కరీంనగర్‌లో.

మే నెలలో అత్తమ్మ వచ్చిన మర్నాడే మా ఆయన ప్రదీప్ తన పాత లాప్‌టాప్‌ను తెచ్చి బియ్యం డబ్బా పక్కన పెట్టాడు. పొద్దున ఏడున్నరకు, అంటే అక్కడ పన్నెండింటికి, వదిన వీడియో కాల్ చేసేది. ఎవరూ ఎత్తాల్సిన పని లేదు. దానంతట అదే ఎత్తుకునేలా సెట్ చేశాడు. పాప లేస్తుందని రింగు కూడా తీసేశాడు. ఇక మా సాయంత్రం నాలుగు దాకా ఆ కాల్ అలా నడుస్తూనే ఉండేది. మాట్లాడుకోవడానికి అత్తమ్మ ఫోన్ ఉండనే ఉంది, పగిలిన గ్లాసుతో, పది నిమిషాలకే కాలిపోతూ. లాప్‌టాప్ మాట్లాడుకోవడానికి కాదు, ఒకచోట ఉన్నట్టు ఉండడానికి. వదిన అక్కడ మిషన్ మీద బ్లౌజులు కుడుతుంటే ఇక్కడ అత్తమ్మ చిక్కుడుకాయ ఒలిచేది. గంటసేపు ఒక్క మాట లేకపోయినా కాల్ కట్ అయ్యేది కాదు.

మొదటి వారం బాగానే ఉందనుకున్నాను. రెండో వారానికి నా ఇల్లు నాది కాకుండా పోయింది. ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, "అక్షరా, సల్లటిది తాగకు, పిల్లకు పడిశం పడ్తది" అని బియ్యం డబ్బా పక్క నుంచి వినిపించేది. నైటీతో వంటింట్లోకి రావడం మానేశాను. పాపకు పాలివ్వాలంటే మేడ మీదికి ఎక్కేదాన్ని. మా అమ్మతో ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. చివరికి కుక్కర్ విజిల్స్ కూడా ఆమే లెక్కపెట్టేది.

"అక్షరా, మూడయినయి. స్టవ్ బంద్ చెయ్యి."

నా స్టవ్, నా కుక్కర్, నా బియ్యం. లెక్క మాత్రం కరీంనగర్‌ది! ఒళ్ళు మండేది. కానీ ఏమనగలను? ప్రేమతో చెబుతున్న మనిషిని తిట్టేదెట్లా?

వదిన వెనక గోడకు ఒక కడ్డీ ఉండేది. దానికి హ్యాంగర్లు, హ్యాంగర్లకు చిన్న చిన్న ఫ్రాకులు. మొదట్లో రెండే. జూన్ వచ్చేసరికి తొమ్మిదయ్యాయి. ఒకరోజు నవ్వుతూనే అడిగాను.

"ఎవలివి వదినా అవి? మా దానికి శాన పెద్దగైతయి గద."

"ఇప్పటికి కాదే పిచ్చిదాన. అవి ఏడాదివి, అటుపక్కవి ఏడాదిన్నరవి. పిల్ల ఇక్కడికొచ్చినంక రోజుకొకటి తొడుగుత."

చిక్కుడుకాయ ఒలుస్తున్న అత్తమ్మ తల ఎత్తలేదు. "అవునవును, తీస్కపోతం, తీస్కపోతం" అంది.

ఆ సాయంత్రం ప్రదీప్ ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పకముందే బయటికి తీసుకుపోయాను. వెనక వీధిలోకి, చెత్త డబ్బాల దగ్గరికి. ఇంట్లో మాట్లాడితే ఆ లాప్‌టాప్‌కు వినబడుతుందేమోనన్న భయం నాకు అలవాటైపోయింది, కాల్ లేని వేళ కూడా.

"సాత్వికను పంపుతున్నమా?"

అతను నేల చూశాడు. "అమ్మ వచ్చే ముందు అక్క ఫోన్ల ఏడ్చింది అక్షరా. పెండ్లయి పన్నెండేండ్లు. రెండోసారి ట్రీట్‌మెంట్ గూడ ఫెయిలైంది. నా నోట్లె నుంచి వచ్చేసింది, మా పాపను రెండేండ్లు నువ్వే పెంచక్కా అని."

"నన్ను అడగకుంట?"

"ఇక్కడ శానమంది పంపుతరు గద. నువ్వు అక్టోబర్‌ల జాబ్‌కు పోవాలె. నర్సరీ వాళ్ళు జనవరి దాక జాగ లేదన్నరు. రెండేండ్లే."

"నీ అక్క ఏడిస్తే నా బిడ్డను ఇచ్చేస్తవా?"

"ఇచ్చుడేంది? రెండేండ్లే అంటున్న గద!"

సెప్టెంబర్ రెండు. అత్తమ్మ తిరుగు ప్రయాణం ఆ రోజే. ఆమె ఒడిలోనే మా పాపా పోవాలి. పాస్‌పోర్టు కూడా వచ్చేసింది, ఆ ఫారాల మీద నేనే సంతకాలు పెట్టాను, సెలవులకు పోవడానికనుకుని. ఆ రాత్రి ప్రదీప్‌తో మళ్ళీ పోట్లాడాను, మర్నాడు కూడా. ప్రతిసారీ "రెండేండ్లే" దగ్గర ఆగేవాళ్ళం. అతనితో అయినా కాదనగలిగాను. పొద్దున్నే ఏడున్నరకు తెర మీదికొచ్చి, "మా బంగారం లేచిందా?" అని కళ్ళు పెద్దవి చేసుకుని చూసే మనిషి ముఖం మీద ఎట్లా చెప్పాలి? రోజూ చెబుదామనే వంటింట్లోకి వచ్చేదాన్ని. రోజూ ఆమె ఏదో ఒక ఫ్రాకు ఎత్తి చూపించేది. నా నోరు పడిపోయేది.

జూలై మొదటి ఆదివారం సాయంత్రం, ఆనాటి కాల్ అయిపోయాక, తల్లీకొడుకులు పాపను బండిలో వేసుకుని రౌండ్‌హే పార్కుకు పోయారు. ఇల్లంతా నాకే మిగిలింది. లాప్‌టాప్ ముందు నిలబడ్డాను. మూత మూసేస్తే సరిపోదా అంటారేమో. నేను మూస్తే అది నేను మూసినట్టే. అదే దానంతట అది పనిచేయకపోతే ఎవరినీ అనడానికి లేదు కదా.

నేను ఆస్పత్రి ఫార్మసీలో పనిచేసేదాన్ని, కంప్యూటర్ల సంగతి నాకంతగా తెలియదు. ఫోన్‌లో వెతికి చూసి ఒక్కొక్కటీ నొక్కాను. లాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ అని ఒకటుంటుంది. ఏ ప్రోగ్రాం ఇంటర్నెట్‌కు పోవచ్చు, ఏది పోకూడదు అని అదే చూసుకుంటుంది. బయటికి పోయే దారిలో కొత్త రూల్ పెట్టమంది. ఏ ప్రోగ్రాం అని అడిగింది, వీడియో కాల్ ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్ వెతికి చూపించాను. ఏం చెయ్యాలంది, బ్లాక్ అన్నాను. ఆఖరికి ఈ రూల్‌కు పేరేమిటని అడిగింది. చాలాసేపు ఆలోచించి "సెప్టెంబర్ 2" అని కొట్టాను. దొంగతనం చేసినట్టే అనిపించింది, ఎందుకు దాచుకోవాలి.

సోమవారం పొద్దున ఏడున్నరకు తెర మీద తెల్లటి చక్రం తిరుగుతూ కూర్చుంది. ప్రదీప్ వచ్చి అటూ ఇటూ నొక్కాడు.

"నెట్ మంచిగనే ఉన్నది. యూట్యూబ్ వస్తున్నది. దీనికే ఏమో అయింది. వీకెండ్ల చూస్త అమ్మా."

"చూడు నాయనా" అంది అత్తమ్మ.

నేను కుక్కర్ పెట్టాను. మూడు విజిల్స్ వచ్చాయి, నేనే లెక్కపెట్టాను, నేనే ఆపాను. ఆ చిన్న పనికి ఎంత సంతోషమేసిందో చెబితే నవ్వుతారు.

అత్తమ్మ కుంగిపోతుందనుకున్నాను. నాలుగు రోజులు వాడిపోయిన మాట నిజమే. ఆ తర్వాత మనిషి మారిపోయింది. వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని ఎండ కాచుకునేది. చపాతీ పిండి పడుతుందని లాప్‌టాప్ మీద గిన్నెలు తుడిచే గుడ్డ కప్పేసింది. ఏటూరునాగారం వైపు తాను ఏఎన్ఎం నర్సుగా పనిచేసిన రోజుల కథలు చెప్పేది, వాగు దాటి కాన్పులు చేసిన కథలు. అంత గలగలా మాట్లాడే మనిషి అని నాకప్పుడే తెలిసింది. సాయంత్రం ఫోన్లో మాత్రం వదిన గొంతు నీరసంగా వినిపించేది. "ఇల్లంత బోసిపోయినట్టున్నదమ్మా" అనేది. అది విన్న ప్రతిసారీ నేను అక్కడి నుంచి లేచి పోయేదాన్ని.

రోజులు ఆగలేదు కదా. ఆగస్టు వచ్చింది. ఫ్రాకులు కళ్ళకు కనబడకపోయినా అక్కడ కుడుతూనే ఉందని తెలుసు. అత్తమ్మ పెట్టె సగం సర్దింది. నేను కాల్‌నైతే ఆపాను, విమానాన్ని కాదు.

రాత్రి భోజనాల దగ్గర ప్రదీప్ ఎప్పటిలాగే, "మంచిగున్నదమ్మా" అనేవాడు. అత్తమ్మ ఏం వండినా అదే మాట. ఎంత మర్యాద అనుకునేదాన్ని. నా వంటకు వంకలు పెట్టడానికి మాత్రం నోరు బాగా లేస్తుంది అని సాధించేదాన్ని కూడా.

ఒక ఆదివారం అతనికి లాప్‌టాప్ గుర్తొచ్చింది. "అప్‌డేట్ అడుగుతున్నది. కొట్టిన. రీస్టార్ట్ అయితే వస్తదేమో" అన్నాడు. వెంటనే రాలేదు. గుడ్డ మళ్ళీ కప్పేసి టీవీ ముందుకు పోయాడు. నేను బతికిపోయాననుకున్నాను.

మంగళవారం వాన. కుక్కర్ స్టవ్ మీద పెట్టాను. అత్తమ్మ నేల మీద కాళ్ళు చాపుకుని, పాపను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తోంది. పాప ఏదో ఒకటి అంటోంది, అత్తమ్మ ఊఁ కొడుతోంది.

"ఆ డబ్బ మూగబోయిన సంది పాణం నిమ్మలంగున్నది బిడ్డా" అంది ఉన్నట్టుండి.

నాకు తట్టుకోవడం చేతకాలేదు. "అది ఖరాబ్ కాలే అత్తమ్మా. నేనే బంద్ చేసిన."

నూనె చెయ్యి ఆగింది. "ఏం చేసినవ్?"

"దానికి ఇంటర్నెట్ అందకుంట అడ్డం పెట్టిన. వదినకు చెప్పకుండ్రి. ఆయనకు గూడ."

తిడుతుందనుకున్నాను. "ఎందుకు?" అంది అంతే.

"అది నడుస్తుంటె నా బిడ్డ పోతది అనిపిచ్చింది." ఏడుపు వచ్చేసింది. "నేను పంపలేనత్తమ్మా. వదిన మొకం చూసి ఆ మాట చెప్పనూ లేను. సచ్చిపోతున్న నడుమ."

మొదటి విజిల్ వచ్చింది. అత్తమ్మ పాపను వెల్లకిలా తిప్పింది.

"ప్రదీప్ నేను వండింది తిన్నప్పుడల్ల ఏమంటడు?"

"మంచిగున్నదమ్మా అంటడు."

"నీ వంట తిని ఏమంటడు?"

"నా వంటనా? ఉప్పెక్కువైతే కంచం నెట్టేస్తడు."

"గదే." ఆమె నవ్వింది, కళ్ళు మాత్రం నవ్వలేదు. "ఇంట్ల మనిషికి ఎవలన్న మంచిగున్నదని చెప్తరా బిడ్డా? సుట్టాలింటికి పోతె చెప్తం. వాని పదకొండో నెలల నాకు అడివి అవుతల పోస్టింగ్ అయింది. మా అక్క దగ్గర విడిచిపెట్టిన, హుజూరాబాద్‌ల. మూడేండ్లు. తెచ్చుకుందామని పోతె అక్క కొంగెన్క దాసుకున్నడు. ఎవలొచ్చిన్రురా అని అక్క అడిగితె, సూది నర్సు అన్నడు."

రెండో విజిల్.

"వాడు మర్సిపోయిండు. అడిగితె నవ్వుతడు. కని ఇప్పటికి గూడ నాతోని అలగడు, నన్ను కసురుకోడు. నా తాన ఏదీ గుంజుకుని తినలే ఏనాడు."

"మరి ఆ లాప్‌టాప్ ముందట రోజు తీస్కపోతం తీస్కపోతం అంటిరి గద అత్తమ్మా?"

"బిందు సూస్తుండంగ ఎట్ల కాదందు? దాని మొకం నీకే గాదు, నాకూ కనబడ్తది గద. నేను కన్నదాన్ని." పాప కాలు రెండు చేతులతో పట్టుకుంది. "ఇచ్చుడు ఏమంత పని గాదు. రెండేండ్లకు నువ్వచ్చి తీస్కపోతవు సూడు, గప్పుడు బిందు గతేంది? వాన్ని తీస్కచ్చినంక మా అక్క ఏడేండ్లు నాతోని మాట్లాడలే. పిల్లలు లేరామెకు. ఉయ్యాల గూడ ఇప్పలేదట శానొద్దులు. నా బిడ్డకు అసుంటి దినం నా చేతుల మీద తేవద్దని ఉన్నది నాకు. ఎవలికి చెప్పుకోను?"

మూడో విజిల్ వచ్చింది. ఇద్దరం కదల్లేదు.

"అమ్మా."

గుడ్డ కింద నుంచి.

"మూడయినయి. స్టవ్ బంద్ చెయ్యమను."

ఆ గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. ఎప్పుడు కలిసిందో, ఎంతసేపటి నుంచి వింటోందో, మిషన్ ఎప్పుడు ఆపేసిందో తెలియదు. విజిల్స్ మూడూ విన్నదంటే మాటలన్నీ విన్నదనేగా. లేచి గుడ్డ తీశాను. తెర మీద మిషన్, దాని ముందు ఖాళీ స్టూలు, వెనక గోడకు పదమూడు ఫ్రాకులు. వదిన పక్కకు జరిగింది కాబోలు, కనబడలేదు. నేను "వదినా" అనేలోపే కాల్ కట్ అయింది. పోయి స్టవ్ ఆపాను.

తర్వాత చూస్తే నా రూల్ ఉన్నది ఉన్నట్టే ఉంది. అది కాపలా కాస్తున్నది పాత ఫోల్డర్‌ను. అప్‌డేట్ వచ్చి ప్రోగ్రాం కొత్త ఫోల్డర్‌లోకి మారిపోయింది. పాత ఇంటికి తాళం వేసుకుని కూర్చున్నాను నేను.

ఆ సాయంత్రం ప్రదీప్‌కు ఆ రూల్ నేనే చూపించాను. అతను ఆ పేరు చదివి తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఇంత భయపడ్డవా? నాకు చెప్పొచ్చు గద."

"చెప్పిన. రెండేండ్లే అన్నవ్."

అంతలో అతని ఫోన్ మోగింది. వదిన. అర నిమిషం కూడా మాట్లాడలేదు. "పిల్లకు టికెట్ వద్దట" అన్నాడు. సంతోషపడాలి కదా? పాపను ఎత్తుకుని మేడ మీదికి పోయి తలుపేసుకుని ఏడ్చాను. గెలిచిన ఏడుపు కాదది. ఆ స్టూలే కళ్ళ ముందు కదిలింది.

సూది నర్సు సంగతి ప్రదీప్‌కు రెండు రోజుల తర్వాత చెప్పాను, అతను గిన్నెలు కడుగుతుండగా. నల్లా అలాగే పారుతూ ఉంది. కాసేపటికి నేనే కట్టేశాను.

సెప్టెంబర్ ఒకటిన రాత్రి అత్తమ్మ వంకాయ కూర చేసింది. ప్రదీప్ తిన్నాడు. "మంచి" దాకా వచ్చి ఆగాడు. అత్తమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. అతను ఏమీ అనకుండా ఆమె కంచంలో ఉన్న వంకాయ ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆమె అతని వీపు మీద ఒక్కటి చరిచి, "నీ కంచంల లేదారా?" అంది. ఆ తర్వాత మజ్జిగ తేవడానికి పోయి చాలాసేపు రాలేదు. మర్నాడు మాంచెస్టర్ ఎయిర్‌పోర్టులో ఒక్కతే లోపలికి పోయింది, రెండు పెట్టెలతో.

రూల్ ఆ మంగళవారం మర్నాడే తీసేశాను. లాప్‌టాప్ అక్కడే, బియ్యం డబ్బా పక్కనే తెరిచి పెట్టాను. ఎత్తుకునే సెట్టింగ్ అలాగే ఉంది. రోజూ ఏడున్నరకు చూసేదాన్ని. సెప్టెంబర్ అంతా వదిన కాల్ రాలేదు. ప్రదీప్‌తో ఫోన్లో మాట్లాడేది, పాప ఎలా ఉందని అడిగేది, నా మాట ఎత్తేది కాదు. నర్సరీలో జాగ వచ్చేదాకా పాపను చూసుకోవడానికి నేను సెలవు జనవరి దాకా పొడిగించుకున్నాను. ఇల్లు మళ్ళీ నాదయింది. నైటీతోనే తిరుగుతున్నాను, ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీసినా అడిగేవాళ్ళు లేరు.

అక్టోబర్‌లో ఒకరోజు కుక్కర్ మూడో విజిల్ వేసింది. నేను ఆపలేదు. చేతులు కట్టుకుని లాప్‌టాప్ వైపు చూస్తూ నిలబడ్డాను. నాలుగు. ఐదు. ఆరోదానికి ఆపేసి, చెయ్యి తుడుచుకుని, కాల్ నొక్కాను.

వదిన ఎత్తింది. చిక్కిపోయింది. వెనక కడ్డీ ఖాళీగా ఉంది.

"వదినా" అన్నాను. అనాలనుకున్నవన్నీ ఎటో పోయాయి. "ఎన్ని విజిల్స్ అయినయో మర్సిపోయిన."

"నాకేమెరుక? నువ్వు నన్ను బంద్ పెట్టినవ్ గద."

ముఖం మీద కొట్టినట్టయింది. కొట్టాల్సిందే. "తప్పయింది వదినా. నీకు చెప్పే ధైర్యం లేకపాయె. తెల్లారే తీసేసిన అది."

"ఎరుకే. రోజు చూస్తున్న. మీరు లైన్ల ఉన్నట్టు పేరు పక్కన పచ్చ సుక్క కనబడ్తది."

"మరి కాల్ చెయ్యకపోతివి? ఒక్క రింగన్న ఇయ్యకపోతివి?"

ఆమె దారం ముక్క ఒకటి వేలికి చుట్టుకుంది.

"నేను చేస్తె అదే ఎత్తుకుంటది అక్షరా. నువ్వు ఎత్తినట్టు గాదు గద."

అన్నం ముద్దయిపోయింది. ఆ పూట అదే తిన్నాం. సాయంత్రం ప్రదీప్ పక్కన కూర్చుని, దానంతట అదే ఎత్తుకునే ఆ సెట్టింగ్ తీయించి, రింగు మళ్ళీ పెట్టించాను. ఇప్పుడు వదిన చేస్తే ఇల్లంతా రింగవుతుంది. పాప ఉలిక్కిపడి లేస్తుంది. లేస్తే లేచింది. పిండి చేతులైనా సరే, తుడుచుకుని పోయి నేనే ఎత్తుతాను.